మూడేళ్ళని చెప్పి వెళ్ళిన అతీశుడి ఊళ్ళలో ఆరు రోజులు

బిహార్ తిరిగి ఇంటికొచ్చి నాలుగు రోజులే అయింది, శాలువాకి పట్టిన పిడకల పొగ వాసన కూడా ఇంకా పోలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా, ఇంకో వారం ఆగితే ఏ ఊళ్ళో ఏం తిన్నామో ఎవరేమన్నారో అన్నీ కలగాపులగం అయిపోతాయి.

ఇది మొదలైంది 2006 జనవరిలో. అమరావతిలో దలైలామా గారి కాలచక్ర అనే పెద్ద బౌద్ధ దీక్షా ఉత్సవం జరుగుతుంటే నేనప్పుడు ఆ దగ్గర్లోనే ఒక హైస్కూల్లో సోషల్ టీచర్ని, పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళా. అక్కడ పటాలు అమ్ముతున్న ఒక టిబెటన్ పెద్దావిడ ఒక బొమ్మ చూపించింది, నెత్తి మీద కోసుగా ఎర్రటి టోపీ, ఒక పక్కన చిన్న స్తూపం, ఇంకో పక్కన బుట్ట. "జొవొ జే, మీ దేశం ఆయనే, మా గురువు" అంది వచ్చీరాని హిందీలో. నాకెవరో తెలీలేదు. అప్పటికే ఎన్నో ఏళ్ళుగా నలందా పాఠం చెప్తున్నా, ఈయన పేరు ఒక్కసారి కూడా నా నోట రాలేదు. అది చాలా బాధనిపించి ఆ పటం కొనుక్కున్నా, ఇప్పటికీ మా హాల్లోనే ఉంది.

ఆయనే అతీశ దీపంకర శ్రీజ్ఞానుడు, ఇక్కణ్ణించి టిబెట్ వెళ్ళి పాఠం చెప్పిన బౌద్ధ పండితుడు. 982లో బెంగాల్లోని విక్రమపురంలో, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లో మున్షీగంజ్ దగ్గర, రాజుగారింట్లో పుట్టాడు, 1054లో లాసా దగ్గర న్యేథాంగ్‌లో కన్నుమూశాడు. ఆ మధ్యలో ఒక సముద్రం, ఒక హిమాలయం దాటాడు. నేను పోయినేడాది రిటైరయ్యాక మా చెల్లితో "సంక్రాంతికి బిహార్ వెళ్దామే" అన్నా. పండగపూట ఇల్లొదిలి ఎక్కడికక్కా అంటూనే సంచి సర్దుకుంది.

జనవరి 10, 11 – బోధ్ గయ

గయలో దిగ్గానే ముందు చెవులకి తగిలింది తిల్‌కుట్ కొట్టే చప్పుడు. రమ్నా రోడ్డులో షాపుల ముందే నేలమీద కూర్చుని చెక్క సుత్తులతో నువ్వులూ పాకం కలిపి దంచుతున్నారు, ధన్ ధన్ అని ఒకే తాళంలో. మన నువ్వుండలాగే అనుకుంటే కాదు, నోట్లో పెడితే పొరలు పొరలుగా విరిగిపోద్ది. పావుకిలో 90 రూపాయలు. బెల్లంది వేడివేడిగా ఇచ్చాడు, చెల్లి అక్కడే సగం తినేసింది.

మహాబోధి గుడి లోపలికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు, బయట లాకర్లో పెట్టాలి, దానివల్లేనేమో లోపల మనుషులు మనుషుల్ని చూస్తారు. చలికాలం కాబట్టి ఎటు చూసినా మెరూన్ రంగే. చెక్క పలకల మీద సాష్టాంగాలు చేస్తున్నవాళ్ళు వందల్లో ఉన్నారు, ఒక ముసలమ్మ మోకాళ్ళకి స్పాంజి ముక్కలు కట్టుకుని, లేచినప్పుడల్లా పక్కనున్న వేరుశనగ గింజని ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వేస్తోంది, లెక్క కోసం. అరగంట ఆవిణ్ణే చూస్తూ ఉండిపోయా.

అతీశుడు సన్యాసం తీసుకుంది ఈ ఊళ్ళోనే, మతివిహారం అనే చోట, 29 ఏళ్ళ వయసులో. అంతకుముందు ఆయన పేరు చంద్రగర్భుడు. ఈ గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తుండగా ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకోవడం విన్నాడని టిబెటన్లు చెప్తారు. జ్ఞానం తొందరగా రావాలంటే ఏం చెయ్యాలి అని ఒకామె అడిగితే, బోధిచిత్తం అలవరచుకోవాలి అంది రెండో ఆమె, అంటే లోకంలో అందరి మేలు కోసమే నేను జ్ఞానం సంపాదించాలి అనే మనసన్నమాట. అప్పటికే ఎన్ని శాస్త్రాలు చదివాడో, అయినా ఈ ఒక్కదాన్ని బాగా ఎరిగిన గురువు ఎక్కడున్నాడా అని వెతికితే సువర్ణద్వీపంలో, అదే సుమత్రాలో, ధర్మకీర్తి అనే ఆయన ఉన్నాడని తెలిసింది. ఓడెక్కేశాడు. తుఫాన్లలో 13 నెలలు పట్టిందంటారు. అక్కడ 12 ఏళ్ళున్నాడు! ఎంతోమంది గురువుల దగ్గర చదువుకున్నా సుమత్రా గురువు పేరు వినపడితే మాత్రం చేతులు నెత్తి మీదికి వెళ్ళి కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడట. ఇది చదివినప్పుడల్లా నాకు మా ఐదో క్లాసు మాస్టారు గుర్తొస్తారు.

సాయంత్రం టిబెటన్ల గుడారం హోటల్లో థుక్పా అనే నూడుల్స్ చారు తిన్నాం, 120 రూపాయలు, మన ఉలవచారంత చిక్కగా లేదుగానీ ఆ చలికి ప్రాణం లేచొచ్చింది. పక్క బల్ల దగ్గర ఒక పెద్ద లామా గారు కూర్చున్నారు. ఎక్కణ్ణించి అని హిందీలో అడిగితే కర్ణాటకలో బైలకుప్పె అన్నారు, మా చెల్లి ఇరవై ఏళ్ళు బళ్ళారిలో ఉంది కదా, ఇంకేముంది కన్నడం మొదలెట్టింది, ఆయన మొహం వెలిగిపోయింది, బోధ్ గయలో ఓ తెలుగావిడా ఓ టిబెటన్ లామా కన్నడంలో మాట్లాడుకుంటుంటే హోటల్ కుర్రాడు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

నేను అతీశ అనగానే ఆయన రెండు చేతులూ జోడించారు. మాకు రెండు వెన్న టీలు చెప్పారు. ఉప్పగా, పైన వెన్న తేలుతూ ఉంటుంది, టీ అనుకోకుండా చారు అనుకుని తాగితే బానే ఉంది. "టిబెట్‌లో అడుగుపెట్టగానే ఆయనకి ఇదే ఇచ్చారు, ఇదేం పానీయం, ఇంత బావుందే అని మెచ్చుకున్నాడు" అన్నారు లామా గారు, తన ఇంట్లో జరిగినట్టు. ఇంకో మాట కూడా చెప్పారు. టిబెట్ వెళ్ళాలా వద్దా అని అతీశుడు తారాదేవిని అడిగితే, వెళ్తే చాలామందికి మేలు జరుగుద్ది, కానీ నీ ఆయుష్షు 92 కాదు 72 అవుద్ది అందట. చెల్లి నావైపు తిరిగి "అయినా వెళ్ళాడా అక్కా?" అంది. ఆమె అంతవరకూ నాకోసమే వచ్చింది, అక్కణ్ణించి మాత్రం తనకోసం వచ్చిందని నాకనిపించింది. టీ డబ్బులు ఎంత బతిమాలినా ఆయన మమ్మల్ని ఇవ్వనివ్వలేదు.

జనవరి 12 – నలందా, సిలావ్

నలందా గురించి ఎక్కువ రాయను, అందరూ రాసేదే. ఎర్ర ఇటుకల గోడల మధ్య నడుస్తుంటే పొగమంచులో అవతలి గోడ కనపడట్లేదు, గైడు 500 అడిగి 300కి వచ్చాడు, చకచకా పాఠం అప్పజెప్పినట్టు చెప్పేశాడు, అతీశుడి పేరెత్తితే "వాళ్ళందరూ ఇక్కడే చదివారు మేడమ్" అని ముందుకెళ్ళిపోయాడు. నిజానికి ఆయన ఇక్కడికి 12 ఏళ్ళ పిల్లాడిగా బోధిభద్రుడనే గురువుని వెతుక్కుంటూ వచ్చాడు, ఆ గురువు రాజగృహం వైపు ఉన్న అవధూతిపా దగ్గరికి పంపాడు, 18 ఏళ్ళొచ్చేదాకా అక్కడే. రాజుగారి కొడుకు, ఒక గురువు గుమ్మం నుంచి ఇంకో గురువు గుమ్మానికి.

మ్యూజియంలో ఒక గాజు పెట్టెలో మాడిపోయిన బియ్యం ఉన్నాయి, నల్లగా, గింజ గింజ తెలుస్తూ. పుస్తకాలు తగలబడ్డాయని ఎన్నిసార్లు పాఠం చెప్పానో, కానీ ఆ బియ్యం చూశాక గానీ వంటిల్లు గుర్తు రాలేదు. ఎవరో ఆ పూట ఎసరు పెట్టే ఉంటారు.

రాజగీర్ దారిలో సిలావ్ ఊరంతా ఖాజా కొట్లే. మన తాపేశ్వరం మడత కాజాకి చుట్టమే అని చూడగానే తెలిసిపోద్ది, కాకపోతే ఇది పాకంలో మునిగి తేలదు, పొడిగా, గాలికి ఎగిరిపోయేంత తేలిగ్గా ఉంటుంది, చేత్తో నొక్కితే పొరలన్నీ పొడైపోతాయి. దీనికి 2018లో జీఐ ట్యాగ్ వచ్చింది. మావైపు కూడా కాజా ఉంది, లోపల పాకం ఉంటుంది అని చెల్లి చెప్తే కొట్టాయన ఒప్పుకోలేదు, "పాకం లోపలికెళ్తే అది ఖాజా ఎలా అవుద్ది దీదీ" అని వాదించి, అయినా ఊరికే రెండు చేతిలో పెట్టాడు. అరకిలో 110.

జనవరి 13 – బిహార్ షరీఫ్

ఈ ఊరు ఎవరూ చూడ్డానికి రారు. కానీ ఓదంతపురి మహావిహారం, నలందా లాంటి పెద్ద బౌద్ధ బడి, ఇక్కడే ఉండేది, పాల రాజు గోపాలుడు కట్టించింది. అతీశుడు ఇక్కడ ధర్మరక్షితుడి దగ్గర చదువుకున్నాడు. టిబెట్‌లో మొట్టమొదటి ఆరామం సమ్యేని దీన్ని చూసే కట్టారు. ముసలితనంలో అతీశుడు ఆ సమ్యేకి వెళ్ళి, అక్కడి పుస్తకాలు చూసి, మన దేశంలోనే దొరకని సంస్కృత గ్రంథాలు ఇక్కడున్నాయే అని ఆశ్చర్యపోయాడట. అప్పటికి తను చదువుకున్న బడి లాంటి కట్టడంలో, వేల మైళ్ళ దూరంలో నిలబడి ఉన్నాడు కదా, ఎలా అనిపించి ఉంటుందో.

స్టేషన్ దగ్గర ఓదంతపురి అంటే ఒక్కరికీ తెలీలేదు. ఎవరో "బడీ పహాడీ అనండి" అన్నారు. ఆటో అబ్బాయికి అదే చెప్పా, కానీ నేనన్న బడీ ఒక్కటే వినపడ్డట్టుంది, చెరో 20 తీసుకుని తిన్నగా బడీ దర్గాకి తీసుకెళ్ళి దింపాడు. మఖ్దూమ్ షరఫుద్దీన్ యహ్యా మనేరీ గారి దర్గా అది, 14వ శతాబ్దం సూఫీ. వచ్చాం కదా అని లోపలికెళ్ళాం. అక్కడ ఎండలో గోడకి ఆనుకుని కూర్చున్న ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు, ఎక్కణ్ణించొచ్చారు, పిల్లలెంతమంది, పెళ్ళిళ్ళయ్యాయా, అచ్చం మన ఊరి అరుగు మీద అడిగినట్టే అడిగారు. ఆయన కూడా శిష్యులకి ఉత్తరాల్లో పాఠాలు రాసి పంపేవారని తెలిసి, ఇదేం ఊరమ్మా, మతం ఏదైనా మాస్టార్లే పుట్టుకొస్తున్నారు అనుకున్నా. దారి తప్పామని ఇప్పటికీ అనిపించట్లేదు.

తర్వాత కొండెక్కాం. పైన మలిక్ ఇబ్రహీం సమాధి, ఇటుక కట్టడం, గాలిపటాలెగరేస్తున్న పిల్లలు. విహారం ఆనవాలు కంటికి ఏదీ ఆనలేదు. కింద ఇళ్ళ మీద ఇళ్ళు, నీళ్ళ ట్యాంకులు. ఊరి పేరులో, ఆ మాటకొస్తే రాష్ట్రం పేరులో మిగిలిన విహార్ అన్న మాట తప్ప ఏం లేదు. చెల్లికి కొండమీంచి చూపించడానికి నా దగ్గర ఏమీ లేక, ఆమెకి రాజమండ్రి కథ చెప్పా. అతీశుడు సుమత్రా నుంచి తిరిగొచ్చిన 1025 ప్రాంతంలోనే రాజేంద్ర చోళుడి ఓడలు ఆ శ్రీవిజయ రాజ్యం మీద పడ్డాయి. ఆ రాజేంద్రుడి మేనల్లుడే మన రాజరాజ నరేంద్రుడు. అంటే ఇక్కడ ఈయన టిబెట్ వాళ్ళకి సంస్కృతాన్ని వాళ్ళ భాషలోకి మార్చి ఇస్తున్న రోజులూ, గోదావరి ఒడ్డున నన్నయ భారతాన్ని తెలుగు చేస్తున్న రోజులూ దాదాపు ఒకటే. ఇన్నేళ్ళూ ఈ రెండు పాఠాలూ వేర్వేరు పీరియడ్లలో చెప్పా, ఒకేసారి జరిగాయని ఏ పిల్లాడికీ చెప్పలేదు.

రాత్రికి భాగల్‌పూర్. వేడినీళ్ళున్నాయని డబ్బు ముందే తీసుకున్న లాడ్జిలో గీజర్ పనిచెయ్యలేదు, అడిగితే రేపన్నారు. స్టేషన్ బయట లిట్టీ చోఖా తిన్నాం, ప్లేటు 40. పిడకల మీద కాల్చిన పిండి ముద్ద, లోపల సత్తు, అంటే వేయించిన శనగల పిండి, నెయ్యిలో ముంచిచ్చాడు, చోఖా అయితే మన కాల్చిన వంకాయ పచ్చడే, చింతపండు లేదు అంతే.

జనవరి 14 – అంతిచక్

సంక్రాంతి. ఇంట్లో ఉంటే ఈపాటికి అరిసెలు. లాడ్జి కింద కొట్లో అందరూ చూడా దహీ తింటున్నారు, అటుకులు, గడ్డ పెరుగు, బెల్లం, తిల్‌కుట్. అటుకులు కతర్నీ బియ్యానివి, ఈ జిల్లాదే ఆ పంట, ఆకు తీయగానే గుప్పున వాసన. మేం దూరం నుంచొచ్చామని తెలిసి ఆ ఇంటావిడ "పండగ పూట బయటివాళ్ళు ఒకసారి వడ్డించుకుని లేవకూడదు" అని ఇంకో గరిటె పెరుగు వేసింది. ఇద్దరికీ 120.

అతీశుడు పాఠం చెప్పిన విక్రమశిల మహావిహారం శిథిలాలు అంతిచక్‌లోనే ఉన్నాయి. కారు రోజుకి 2,800. కహల్‌గావ్ దగ్గర థర్మల్ ప్లాంట్ పొగగొట్టాలు ముందు కనపడతాయి, తర్వాత బూడిద లారీలు, ఆ తర్వాత రోడ్డు సన్నబడిపోద్ది. ఫోన్లో మ్యాప్ మమ్మల్ని ఆవాల చేలోకి తీసుకెళ్ళి ఆపేసింది, ముందు పసుపు పూలు తప్ప ఇంకేం లేదు. ఒక పిల్లాడు సైకిల్ ఆపి "ఖుదాయీకేనా?" అన్నాడు. ఇక్కడ విక్రమశిల అనరు, ఖుదాయీ అంటారు, తవ్వకం అని. సైకిల్ చేలోనే పడేసి ముందు సీట్లో ఎక్కి దారి చూపించాడు, డబ్బులిస్తే తీసుకోలేదు, తిల్‌కుట్ ఇస్తే మాత్రం రెండు చేతులూ చాపాడు.

ధర్మపాలుడు కట్టించిన మహావిహారం ఇది. 1960లో పట్నా యూనివర్సిటీ వాళ్ళు తవ్వడం మొదలెట్టారు, తర్వాత 1972 నుంచి 1982 దాకా ఆర్కియాలజీ వాళ్ళు. ఒక్కో వైపు 330 మీటర్ల చదరం, నాలుగు వైపులా కలిపి 208 గదులు, మధ్యలో శిలువ ఆకారంలో పెద్ద స్తూపం, రెండు అంతస్తుల వేదిక మీద. అంకెలు నాకు ముందే తెలుసు. కానీ గదుల వెంట నడిచినప్పుడు చెల్లి "ఇవి లెక్కపెడదాం" అంది, ఇద్దరం ఒక వైపు 52 లెక్కపెట్టుకుంటూ వెళ్ళాం, 37 దగ్గర ఆమె 36 అంది, మళ్ళీ వెనక్కొచ్చి లెక్కపెట్టాం. కొన్ని గదుల కింద నేలమాళిగలున్నాయి, ధ్యానానికి. ఒకదాంట్లోకి వంగి చూస్తే ఇటుక కమాను ఇంకా చెక్కుచెదరకుండా ఉంది, ఒక ఇటుక మీద ఆరకముందు ఎవరో వేళ్ళతో అదిమిన మూడు గీతలు. నా వేళ్ళు వాటిలో పెట్టి చూశా. సరిపోయాయి.

వీటిలో ఆయన గది ఏదో ఎక్కడా రాసి లేదు. ఆయన ఇక్కడ పెద్ద పండితుడే కాదు, క్రమశిక్షణ చూసుకునే పెద్దరికం కూడా ఉండేది. మైత్రీపా అనే ఆయన దగ్గర సారాయి దొరికిందని విహారం నుంచి పంపించేశాడని, ఆయన సామాన్యుడు కాదని తర్వాత తెలిసి చాలా కుమిలిపోయాడని కథ. ఎక్కడికెళ్ళినా ఒక చిన్న స్తూపం వెంట పెట్టుకునేవాడు, మనసులో చెడ్డ ఆలోచన రాగానే దాని ముందు కూర్చుని ఒప్పుకునేవాడట. మా హాల్లో పటంలో పక్కనున్నది అదే అన్నమాట! ఇరవై ఏళ్ళు తుడిచా ఆ పటాన్ని, ఆ సంగతి ఇక్కడ నిలబడి ఆలోచిస్తే గానీ తట్టలేదు. తప్పు చేశాక వెంట ఒక గుర్తు మోసుకు తిరిగిన మనిషి కాబట్టే ఆయన మాట జనం విన్నారని నా నమ్మకం.

ఉత్తరం వైపు ముఖద్వారం దగ్గర చాలాసేపు కూర్చున్నాం. టిబెట్ నుంచి దూతలు వచ్చింది ఈ విహారానికే. పశ్చిమ టిబెట్‌లోని గుగే రాజు యేషే ఓద్‌ని శత్రువులు పట్టుకుని ఒంటి బరువంత బంగారం అడిగితే, తల బరువు తప్ప మిగతాది పోగైందట, అప్పుడాయన మనవడి వరస జంగ్‌చుబ్ ఓద్‌తో "ముసలాణ్ణి నేనెందుకు, ఆ బంగారంతో అతీశుణ్ణి తీసుకురా" అన్నాడని టిబెటన్లు ఇప్పటికీ ఏడుస్తూ చెప్పుకుంటారు. మొదట బంగారం తెచ్చిన దూతకి అతీశుడు రానన్నాడు. తర్వాత నాగ్‌త్సో అనే కుర్ర అనువాదకుడు వచ్చి ఇక్కడే ఉండి చదువుకుంటూ ఓపిగ్గా అడిగాడు. విహారం పెద్ద రత్నాకరుడు చివరికి ఒప్పుకున్నాడు, మూడేళ్ళలో తిరిగి తెచ్చి అప్పజెప్పాలి అన్న షరతు మీద. 1040లో బయల్దేరేనాటికి అతీశుడికి 58. నా రిటైర్మెంట్ కంటే నాలుగేళ్ళు చిన్న, అంతే.

అక్కడికెళ్ళాక ఆ జంగ్‌చుబ్ ఓద్, మాకు గొప్ప గొప్ప రహస్యాలొద్దు, మామూలు జనానికి పనికొచ్చేది చెప్పండి అంటే పొంగిపోయి బోధిపథప్రదీపం రాశాడు. చిన్న పుస్తకం, డెబ్భై శ్లోకాలు కూడా ఉండవు. మనుషుల్ని మూడు రకాలుగా చూసి, ఎవరున్న మెట్టు మీంచి వాళ్ళని పైకి నడిపించడం. ముప్పై ఏళ్ళు క్లాసులో నిలబడ్డదాన్ని కాబట్టి చెప్తున్నా, ఇంతకంటే గొప్ప పాఠ్యప్రణాళిక నేను చూళ్ళేదు. మూడేళ్ళయ్యాక తిరిగి రాబోతే నేపాల్ దారిలో గొడవలు, దారి మూసుకుపోయింది, ద్రోమ్‌తోన్ అనే శిష్యుడు మధ్య టిబెట్‌కి రమ్మన్నాడు. ఇక ఈ గుమ్మంలోకి రాలేదు.

బయట టీ కొట్లో అల్లం టీ 10 రూపాయలు. కొట్టాయన ఆరామం పక్కనే పుట్టి పెరిగాడు, తవ్వకాల్లో వాళ్ళ నాన్న కూలికి వెళ్ళాడట. "ఇక్కడ బొమ్మ దొరికిన రోజు మా నాన్న ఇంటికొచ్చి అన్నం తినేవాడు కాదు, సంతోషంతో" అన్నాడు. అతీశుడు ఎవరో తెలుసా అంటే "తెలీకేం, టిబెట్ వెళ్ళిన మాస్టర్ సాబ్" అన్నాడు. నేను లేచి ఆయనకి దణ్ణం పెట్టా, ఆయన కంగారుపడిపోయాడు.

జనవరి 15 – కహల్‌గావ్ రేవు

ఆఖరి రోజు చెల్లికి భాగల్‌పూర్ టస్సర్ చీర కొనాలని, నాకు గంగ దాటాలని. చీర పొద్దున్నే అయిపోయింది. విహారం గంగకి దక్షిణాన ఉంది, టిబెట్ ఉత్తరాన, కాబట్టి ఆయన ఎక్కడో ఒక చోట ఈ నది దాటాల్సిందే.

మోటారు పడవ, మనిషికి 30, మాతోపాటు నాలుగు మేకలు, ఒక బైకు, మొక్కజొన్న విత్తనాల బస్తాలు. నది మధ్యలో మూడు రాతి దిబ్బలు, పైన గుళ్ళు. సుల్తాన్‌గంజ్ నుంచి ఇక్కడిదాకా డాల్ఫిన్ల అభయారణ్యం, ఇక్కడివాళ్ళు సోంస్ అంటారు, ఒకటి నల్లగా వీపు చూపించి ములిగింది, చెల్లి అరిచేలోపే లేదు. అవతల అంతా ఇసుక, దియారా అంటారు. పడవాయన "మళ్ళీ నాలుగింటికొస్తా, ఇక్కడే ఉండండి" అని వెళ్ళిపోయాడు.

ఇసుకలో కూర్చుని మిగిలిన కతర్నీ అటుకులు బెల్లంతో తిన్నాం. నాగ్‌త్సో మొదటిసారి వచ్చినప్పుడు కథ చెల్లికి చెప్పా. పొద్దుగూకే వేళకి ఇలాగే గంగ ఉత్తరపు ఒడ్డుకి చేరాడు, పడవ నిండిపోయింది, నావవాడు మళ్ళీ వస్తా అని వెళ్ళిపోయాడు, చీకటి పడింది, రాడేమో అని భయపడి తెచ్చిన బంగారమంతా ఇసుకలో పాతిపెట్టుకుని పడుకోబోయాడు. అంతలో తెడ్డు చప్పుడు. మాటిచ్చాక రాకుండా ఎలా ఉంటాను అన్నాడట నావవాడు.

నాలుగున్నర అయింది. పొగగొట్టాల మీంచి మంచు దిగి అవతలి ఒడ్డు మాయమైపోయింది. మాతోపాటు దిగినవాళ్ళెవరూ లేరు. చెల్లి చీర సంచి ఒళ్ళో పెట్టుకుని "అక్కా, ఇతను వస్తాడంటావా" అంది. వస్తాడే అన్నా, అన్నానేగానీ నాకూ గుండె దడగానే ఉంది. ఐదు కావస్తుండగా ముందు చప్పుడు వినపడింది, తర్వాత మంచులోంచి పడవ ముక్కు కనపడింది, మాకోసమే వచ్చాడు, అందులో అతను తప్ప ఇంకెవరూ లేరు.

"ఇంజను మొరాయించింది మాతాజీ, చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కండి, ఇక్కడ బురద" అన్నాడు.